ఎడమ చీలమండ మీద

మొదట వాన చినుకే అనుకున్నాను.
ఎల్గాన్ కొండ దిగువన
వానకు వేళాపాళా ఉండదు కదా.
తుడుచుకుంటే వేలు జారింది.
టైరు చెప్పుకీ చీలమండకీ మధ్య
నల్లగా, వెచ్చగా,
కందిగింజంత.

ఎంబాలే బస్టాండులో మా వరసలో
బండి ఉన్న ప్రతివాడూ వైద్యుడే.
అడుగు బోల్టు వదులైంది, బిగించు, అన్నాడు వామోనో.
బిగించాను.
ఇంకాస్త, అన్నాడు. నా బరువంతా వేసి బిగించాను.
గేరు సీలు పోయిందన్నాడు ఇంకొకడు.
సబ్బు ముక్క నమిలి అంటించమన్నాడు
సొంత బండి కూడా లేనివాడు.
నేను పై మూత గాస్కెట్టు మార్పించాను,
రెండు రోజుల కిరాయి పోసి.
చుక్క మాత్రం మానలేదు.

వారానికల్లా
ఆగిన చోటల్లా నా పేరుతో ఒక మచ్చ.
టీ కొట్టు ముందు ఒకటి, ఆసుపత్రి గేటు దగ్గర రెండు.
కాఫీ గోదాము కాపలా ముసలాయన
నన్ను చూడగానే అట్టముక్క పరిచేవాడు,
పక్క తడిపే పిల్లాడికి గుడ్డ వేసినట్టు.

నమతాలా వంతెన పక్కన ఖైంజా షెడ్డు.
స్పానరు ముట్టుకోలేదావిడ.
కిరోసిన్ డబ్బా, అరిగిన పళ్ల బ్రష్షూ నా చేతికిచ్చి
"ముందు కడుగు" అంది.
రెక్కరెక్క సందులో ఏడాది మట్టి.
కడిగేకొద్దీ లోపల్నుంచి
అప్పు ఇంకా తీరని బండి
కొత్తగా బయటపడింది.

తర్వాత పక్క కుట్టుమెషీను నెకేసా దగ్గర
పసిపిల్లాడి పౌడరు అడిగి తెచ్చి
ఇంజను నిండా చల్లింది.
షెడ్డంతా స్నానం చేయించిన పిల్లాడి వాసన.
ఇంబాలు రోజు ఒంటినిండా రాగిపిండి పూసుకొచ్చిన కుర్రాడిలా
నిలబడింది నా బండి,
ఏం జరగబోతోందో తెలిసి కూడా రెప్ప వేయకుండా.

"మెల్లగా వనాలె కొండ మొదలు దాకా వెళ్లిరా.
గుర్తుపెట్టుకో, నూనె కిందికి జారుతుంది,
గాలి దాన్ని వెనక్కి తోస్తుంది.
చుక్క పడ్డచోట దొంగ ఉండడు.
పైకి చూడాలి. ముందుకి చూడాలి."

తిరిగొచ్చేసరికి
తెల్లటి పౌడరు మీద ఒకే ఒక్క చీమలబారు:
పై మూత మూలన మొదలై,
ఒక్కో రెక్కా దిగుతూ, పక్కకి తిరిగి,
సరిగ్గా నా చీలమండ ఎదురుగా ఆగింది.
"గాస్కెట్టే!" అరిచాను.
"కొత్తదేగా?"
"కొత్తదే."
గోటితో అంచు తడిమి చూసింది. "మంచిదే. బాగానే కూర్చుంది.
మరెందుకు కక్కుతోంది?"

అడిగింది నన్ను కాదు.
వేలు అప్పటికే ఒక రబ్బరు గొట్టం వెంట పోతోంది,
ఇంజను ఊపిరి వదిలే గొట్టం.
గాలిడబ్బా దగ్గర ఊడి, వెనక చక్రం మీదికి
వేలాడుతోంది దాని కొస.
కొస నిండా గట్టి ఎర్రమట్టి.

నెల కిందట మలేరియాతో
మూడు వారాలు నేను చాప మీద,
బండి పనసచెట్టు కింద.
ఇద్దరం మూసిన కన్ను తెరవలేదు.
ఆ నిశ్శబ్దంలో ఎవరో ఇల్లు కట్టుకున్నారు.

చక్రం పుల్లతో గెలికింది.
మట్టి పెళ్లలు. నాలుగు చిన్న సాలీళ్లు,
చావలేదు, కదలవు.
వాటి మధ్య, పాలరంగులో, కందిరీగ పిల్ల.
ఖైంజా దాన్ని సీసా మూతలో పెట్టి
అలమర మీద మేకుల పక్కన ఉంచింది.
ఎందుకని నేనడగలేదు.

గొట్టం నోటికి చిరిగిన దోమతెర ముక్క చుట్టి
తీగతో కట్టింది.
కడుతూ నా మొహంలోకి ఒకసారి చూసింది.
ఆ చూపుకి డబ్బు తీసుకోలేదు.
పనికి మూడు వేల షిల్లింగులు, పౌడరు వేరే.

ఇప్పుడు అట్టముక్క అక్కర్లేదు.
నిన్న ఎడమ కాలు మీద ఏదో పడితే
బండి ఆపి వాసన చూసుకున్నాను.
వానే.

కాకపోతే, నూనె మార్చే రోజు దగ్గరపడింది.
అడుగు బోల్టు ఊడి రావడం లేదు.
వామోనో కోసం వెతుకుతున్నాను.