ఫైల్లో మాట

ఆక్వా ల్యాబులో నా పని
సీసాలో నీళ్లు తెచ్చిన రైతుకి
చెరువు జబ్బు పేరు చెప్పడం.
"తెల్లమచ్చండి" అనగానే
చెయ్యి వెనక్కి చాపి కుర్చీ తడుముకుంటాడు.
అయినా చెప్పాలి.
ఆయన చెరువది. ఆయన రొయ్యలవి.

డాక్టరు గారు మూడేళ్లుగా నాతో
"నిద్రకి రాస్తున్నానమ్మా" అన్నారు. అంతే.

నిన్న నరసాపురం రేవులో
పంటు కోసం నిలబడి
ఎండకి అడ్డం పెట్టుకున్న ఫైలు
ఊరికే తెరిచాను.
వెంకటరత్నం, ఆడ, ముప్పై నాలుగు,
కింద వంకర అక్షరాల్లో బైపోలార్.
మొదటి పేజీలోనే ఉంది, తేదీతో సహా.

మరి ఆ వేసవిలో
మూడు రాత్రులు మేలుకుని
వంటగదికి నీలం రంగేసింది
నేనా, అదా?
తర్వాత నెలంతా తల దువ్వుకోనిది?
ఆ రంగంటే నాకిప్పటికీ ఇష్టమే,
అదెవరి లెక్కలో రాయాలి?

పంటు వచ్చింది. మోటార్‌సైకిళ్లు ఎక్కాయి, గడ్డిమోపులు ఎక్కాయి.
"ఎక్కుతారా అండీ, ఉంటారా?"
పోటు మీదుంది గోదారి,
గుర్రపుడెక్క ఎగువకి కొట్టుకుపోతోంది.
మధ్యాహ్నానికి పాటు తీస్తుంది.
రేవులో పిల్లాణ్ణడిగినా టైము చెప్తాడు.

సోమవారం వెళ్తాను.
ముందు కుర్చీ లాక్కుని కూర్చుని
అప్పుడు, చెప్పండి, అంటాను.