పడవ ఎక్కేముందు

"అంచు మీద కాదు, నడుమ వెయ్యి అడుగు.
అంచు తొక్కావా,
నీకంటే ముందు నీ పరువు తడుస్తుంది."

ట్రైఫీనాకి డెబ్బై నాలుగు.
ఆమె మేనకోడలితో నా పెళ్లై మూడు నెలలు.
టొరంటోలో ట్రామ్ తప్ప
ఊగేదేదీ ఎక్కి ఎరగను.

న్యూఫౌండ్‌లాండ్‌లో, ఈ రాళ్ల ఒడ్డున,
ఇంటి కూరకి కాడ్ చేప పట్టుకోనిచ్చేది
ఏడాదికి కొన్ని వారాలే.
అదీ మనిషికి రోజుకి అయిదు.
"మొదటి అయిదూ నీవే, వేలెడున్నా సరే.
ఏరుకోవడం అంగట్లో."

కట్టు విప్పబోతూ
నీళ్లు తోడే డబ్బాతో రేవు గుంజని
మూడుసార్లు కొట్టింది.
ఎందుకని అడిగాను.
"వెళ్లేముందు గట్టు మీద ఒకరికి తెలియాలి.
కూర్చో. లైఫ్ జాకెట్ కింద పరుచుకోవడానికి కాదు,
తొడుక్కోవడానికి."

గుంజకి ఎదురుగా హెడ్లీ ఇల్లు.
ఆమె మరిది.
రేవులో ఎవరి వాటా ఎంతన్న మాట మీద
తొమ్మిదేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు.
కిటికీ తెర కొంచెం పక్కకి జరిగింది.

"గాలి ఎటుందో బుగ్గ చెబుతుంది,
ఫోన్ని అడక్కు.
చర్చి గోపురాన్ని నల్లరాయి భుజం మీదకి తెచ్చుకో.
ఇటు చూడు, ఆ నీలం కొట్టాన్ని
ఎర్రచరియ కొసకి ఆనించు.
రెండు గీతలూ కలిసిన చోట
అడుగున చేప ఉంటుంది. లేకపోతే నేనుంటాను."

నీలం కొట్టం హెడ్లీదే.
ఆ మాట ఆమె అనలేదు.

ఇరవై బారల తాడు.
సీసం అడుగుకి తగిలినప్పుడు
ఎవరో తలుపు తట్టినట్టు చేతికి తెలిసింది.
"ఇక ఒక బార పైకి లాగు. ఎత్తు, వదులు. ఎత్తు, వదులు.
తొందరపడకు, మజ్జిగ చిలకడం లేదు.
తాడు చేతికి చుట్టుకోకు."
ఎడమచేతి చిటికెనవేలు ఉండవలసిన చోటు చూపించి
మళ్లీ తాడు పట్టుకుంది.

మొదటి చేప నాకే.
నిలబడ్డాను.
పడవ ఒరిగింది, నా కడుపు ఒరిగింది,
ఆమె మాత్రం ఒరగలేదు.
"గెలిచినప్పుడే కూర్చోవాలి, ఆస్మండ్."
మొప్పల కింద చిన్న గాటు,
నెత్తురు సముద్రంలోకి, చేప చల్లటి నీళ్ల బకెట్‌లోకి.
"ఇప్పుడు కొయ్యకపోతే
రాత్రి పళ్లెంలో నీకే తెలుస్తుంది."

ఎనిమిదో చేపకి మంచు దిగింది.
ముందు గోపురం పోయింది,
తర్వాత నల్లరాయి,
తర్వాత నా చేతిలో తెడ్డు కొస.
ఏం చేయాలో అడుగుదామంటే
నోరు తడిబట్టలా ఉంది.

ఆమె మోటారు ఆపేసింది.
"చూపు పోయినచోట చప్పుడు పని చేస్తుంది.
నోరు మూసుకో. అదే పెద్ద సాయం."

ఎంతసేపో.
అప్పుడు,
ఇనప పెనం మీద గరిటె.
మూడు దెబ్బలు. ఆగడం. మూడు దెబ్బలు.
ఆమె ముఖంలో ఏమీ మారలేదు,
అణియం ఒక్కటే అటు తిరిగింది.

ఒడ్డుకొచ్చేసరికి
పెనం లేదు, మనిషీ లేడు,
తెర మూసి ఉంది.
మేము పట్టిన ఎనిమిదిలో
పెద్దదాని మొప్పల్లోకి తాడు దూర్చి
హెడ్లీ గుమ్మం గొళ్లానికి వేలాడదీసి
తలుపు తట్టకుండా వచ్చేసింది.

"నాలుక మాత్రం కోసి తీసుకోవలసింది,"
అన్నాను, వేయించిన కాడ్ నాలుకలకి
ఇల్లంతా కొట్టుకుంటారని విని.
"వాడికవే ఇష్టం," అంది. అంతే.

చేపలు కడుగుతూ కొట్టం వైపు చూశాను.
పక్క గోడలు తెల్లబోయి, పొట్టు లేచి,
చెక్కలు బూడిదరంగులోకి దిగాయి.
సముద్రం వైపు గోడకి మాత్రం
ఈ వేసవి రంగు.
అంచుల్లో ఇంకా వాసన వేస్తున్న
అదే నీలం.