ఇతరములు

కలెక్టరేట్ మీటింగు హాల్ల
ఏసీ కింద, ఆఖరి వరుసల కూసున్న.
పట్నం నుంచి వచ్చిన సారు
గోడ మీద బొమ్మేసి చూపిస్తున్నడు:
ఒక బండి నుంచి ఇంకో బండికి,
బండి నుంచి దవాఖానకు బాణం గుర్తులు.
"ఇగ నుంచి అందరిదీ ఒకటే భాష.
ఏ గడిల ఏం రాయాల్నో అదే రాయాలె."

గడి అనంగనే నాకు
అమ్మమ్మ ఊర్ల దొర గడీ యాదికొచ్చింది.
లోపలికి పోయిన గింజ
బయటికొచ్చుడు ఎవ్వరూ చూడలే.

ఆ రాత్రి మర్రిగూడ అవతల
ఫోనొచ్చిన ఇల్లు దొరకబట్టుడే పావుగంట.
మక్బూల్ భాయ్ హారన్ కొట్టుకుంట పోతుంటే
ఒక పిలగాడు టార్చిలైటు ఊపిండు.
నులక మంచంల అండాలవ్వ
కొడవలి లెక్క వంగి, ఒక పక్కకు తిరిగి
ఊపిరి కోసం రొప్పుతున్నది.
ఏండ్లకేండ్లు బోరు నీళ్ళు తాగిన ఎముకలు.
మెడ ఒక్క ముక్కై బిగుసుకపోయింది.
కోడలు నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది:
"మెడ ఎనుకకు ఒంచొద్దమ్మా,
పోయినేడు చెయ్యి గట్లనే పటుక్కుమన్నది."

ట్యాబు అడిగింది, పేరు.
అండాలు అని కొట్టిన.
ట్యాబు అడిగింది, వయసు.
"సాగర్ కట్టకు రాళ్ళు మోసేనాటికి
ఓణీ ఏసిన్రంట" అన్నది కోడలు.
రెండంకెలు పట్టే గడి అది.
లెక్కేసి, కొంచెం భయపడి, ఒకటి రాసిన.

నాడి, బీపీ, ఆక్సిజన్,
అంకెలకన్నిటికీ ఇండ్లున్నయ్.
మెడకు లేదు.
కిందికి జరిపి జరిపి చూసిన.
చిట్టచివర ఒక గడి: ఇతరములు.
అండ్ల రాసిన, తెలుగులనే:
మెడ కదిలించొద్దు. విరుగుతది.

చండూరు దాటినంక ఇంజను పొగలు గక్కింది.
రోడ్డు మీదనే అవ్వను
ఇంకో బండికి మార్చినం. అది వేరే కంపెనీది.
ఆ బండి పిలగాడు తన ట్యాబు చూసి
"అన్నీ వచ్చినయ్ అక్కా" అన్నడు.
అన్నీ అంటే
ఆ మిషనుకు అర్థమైనయన్నీ.
నోటితోని గూడ చెప్పిన.
అప్పుడే ఒక సిమెంటు లారీ ఉరుముకుంట పోయింది.
తల ఊపిండు,
ఇన్నడో లేదో.

నల్లగొండ దవాఖానల
డ్యూటీ డాక్టరమ్మ స్క్రీను చూసింది.
ఇతరములు దగ్గర ఖాళీ.
ఊపిరిగొట్టం ఏసేటందుకు
గదవ కింద చెయ్యి పెట్టింది, మెల్లగనే,
చదువుకున్న పుస్తకంల ఎట్లున్నదో అట్లనే.

ఎవరి తప్పో రాసే గడి యాడ లేదు.
నేనైతే ఎతికిన.

"సలహాలేమన్న ఉన్నయా?" అన్నడు సారు.
లేసి నిలబడ్డ. నాలుక పిడచగట్టింది.
"మెడకొక గడి గావాలె సార్.
మా దిక్కు మెడలు వేరే."
సారు మంచోడే. కాయితం మీద రాసుకున్నడు.
"దేశమంతా ఒకటే ఫార్మాటు కదమ్మా,
అది మారేదాక
ఇతరములల రాయండి."

బయట మక్బూల్ భాయ్ చాయ్ తాగుతున్నడు.
ఏమన్నరని అడగలే.
జేబుల ఎప్పుడూ ఉండే తెల్ల ప్లాస్టరు చుట్టను
ఏళ్ళ నడుమ తిప్పుతున్నడు.
ఆ రాత్రి నుంచి మా బండిల ఇదే పద్ధతి:
బొట్టుకు పైన బెత్తెడు ప్లాస్టరు,
దాని మీద బాల్‌పెన్నుతోని పెద్దగ, మెడ.
కరెంటు పోయినా కనబడుతది.
సిగ్నల్ లేకున్నా పోతది.
చెమట పడితేనే ఊడుతది, మళ్ళ అతికిస్తం.

మొన్న మంగళారం
దేవరకొండ బండి నుంచి ఒక ముసలాయనను దించిన్రు.
పేరు తెల్వదు, వయసు గడి ఖాళీ.
నుదుటి మీద ప్లాస్టరు.
అక్షరాలు నావి కావు,
మక్బూల్ భాయ్‌వి కావు.
డ కొంచెం వంకరబోయింది.

ఆ డాక్టరమ్మనే
తల కింద పెట్టేటందుకు
మెత్త కోసం ఎతుకుతున్నది.