సగం పొలానికి సున్నం

బనా చిలుఫ్యా చిటికెడు మట్టి నాలుక మీద పెట్టుకుని
కాసేపు ఊరుకుంది.
ఉమ్మేసి అంది: "పులిసింది.
మా అమ్మ ఉన్నప్పుడు ఇంత పులుపు లేదు."

నా సంచిలో గాజుసీసా ఉంది, రంగు మారే కాగితం ఉంది.
కాగితం నాలుగుకి కాస్త పైన అంది.
అదీ ఆమె చెప్పిన మాటే,
పావుగంట ఆలస్యంగా.

కసామా నుంచి సైకిలు మీద మూడు గంటలు.
ఇక్కడి వానకి పొదుపు తెలీదు.
నవంబరులో మొదలెట్టి మార్చి దాకా
నేలలో ఉన్న మంచినంతా కడిగి ఏటికి పంపేస్తుంది,
ఇనుముని మాత్రం మనకి ఉంచుతుంది.
అందుకే ఈ ఎరుపు.
చూడ్డానికి పండినట్టే ఉంటుంది. పస లేదు.

ఒక మొక్క పీకింది.
మోకాలి దగ్గరే ఆగిపోయిన మొక్కజొన్న,
ఆకు అంచులు తలుపులో నలిగిన గోరులా ఊదారంగు.
వేళ్ళు చూడమంది.
మొండి వేళ్ళు. పొట్టిగా, లావుగా,
వేడి పెనం ముట్టుకున్న పిల్లాడి చెయ్యిలా
లోపలికి ముడుచుకుని.
న్షిమా వండే గిన్నెలో ఉన్న లోహమే,
పులుపులో కరిగితే వాటికి విషం.
జానెడు కింద తడి ఉన్నా చెయ్యి చాపవు.

నేను చెప్పాల్సిన మాట ఒకటుంది.
నాలుగేళ్ళుగా ఆమెని ఎరువు వెయ్యమన్నది నేనే.
రాయితీ బస్తాలు, తెల్లటి గుళికలు,
కాగితం మీద సంతకం నాది.
మొదటి ఏడు ఆకు నలుపెక్కేంత పచ్చగా నవ్వింది.
రెండో ఏడు ఊరుకుంది.
మూడో ఏడు ఇంకో బస్తా వెయ్యమన్నాను.
పులిసిన కడుపులో ఇంకాస్త పులుపు పోస్తున్నానని
తెలీదు నాకు.
తెలిసినవాడిలా టోపీ పెట్టుకుని చెప్పాను.

తిట్టలేదు. తిడితే బాగుండేది.
వాళ్ళ నాన్న సంగతి చెప్పింది.
ఎండాకాలం గొడ్డలి భుజానేసుకుని చెట్టెక్కేవాడట.
కొమ్మలే నరికేవాడు, మాను జోలికి పోడు.
గుండ్రంగా పేర్చి, ఎండనిచ్చి,
వానలకి ముందు నిప్పు.
తొలి జల్లుకి బూడిదలో చోళ్ళు.
"ఆ బూడిదలో ఉన్నదేనా మీరు తెస్తానంటున్నది?"
అదే. రాయిని పొడి చేస్తారు. బూడిదకి అన్నలాంటిది.
"మరి అన్న ఇన్నాళ్ళూ ఎక్కడున్నాడు?"

అక్టోబరులో వచ్చాడు, లారీ మీద.
సున్నం కంటే దాన్ని మోసిన లారీకే ఎక్కువ డబ్బు.
ఆమె అల్లుడు కబాసో సైకిలుకి రెండేసి బస్తాలు కట్టి
రోడ్డు నుంచి నాలుగుసార్లు తోశాడు.
"సగానికే వేస్తాను" అంది.
"మిగతా సగం నిన్ను నమ్మిన పొలం.
అలాగే ఉండనీ, చూద్దాం."

గాలి లేవకముందు చల్లాం.
ఆమె కనుబొమలు తెల్లబడ్డాయి,
మనవలు దెయ్యం దెయ్యం అని పరుగెత్తి
మళ్ళీ వచ్చి తామూ పూసుకున్నారు.
పారతో తిరగేస్తే ఎరుపులో తెలుపు
కాసేపు కనిపించి పోయింది.
నడుం పట్టేసింది నాకు. ఆమెకి కాదు.

ఫిబ్రవరిలో పొలం మధ్య గీత ఒకటి లేచింది.
ఇటు మోకాలు, అటు భుజం.
అటువైపు కూడా కత్తెర పురుగు తినగా మిగిలిందే,
కంకులు కొన్ని పళ్ళూడిన నవ్వులు.
అయినా గీత గీతే.

అటువైపు మొక్కొకటి పీకి కడిగింది.
వేళ్ళు తెల్లగా, ముసలమ్మ జడంత పీచుగా,
మట్టిని వదలనంటున్నాయి.
తడి తుడిచి నా చేతిలో పెట్టింది.
"మీ ఆఫీసులో చూపించు. సంతకాలు పెట్టేవాళ్ళకి."

మళ్ళీ చిటికెడు నాలుక మీద.
"పులుపు పోలేదు. కరవడం మానింది."

తర్వాత, పొయ్యి రాజేస్తూ, నావైపు చూడకుండా,
వచ్చే ఏడు లారీ వస్తుందా అని అడిగింది.
సైకిలు గొలుసు ఊడినట్టు
నేను వంగి కూర్చున్నాను.