పరపతి

మ్యాపు మీద బొటనేలు పెడితే
మొత్తం మూసుకపోయే దేశం వానిది.
పేరు చెప్పను. చెప్పినా
మొన్నటిదాంక మా టోలీచౌకిల ఎవలకు తెల్వదు.
"ఆఫ్రికావాలా" అనేటోళ్లు, అంతే,
యాభై దేశాలను ఒక్క సంచిలేసి
మూతి కట్టినట్టు.

సెకూ మాత్రం ప్రతిసారి ఆ ముడి విప్పేటోడు:
మాది ఆ పక్క దేశం గాదు భాయ్,
మాది జీడిమామిళ్ల దేశం,
నది సముద్రానికి జర దూరంల మనసు మార్చుకునే దేశం.
నేను జిరాక్సులు తీసుకుంట ఊఁ కొట్టేటోణ్ణి.

మార్చిల ఢిల్లీ పోయిండు,
జనరల్ బోగిల, ఇరవై ఆరు గంటలు,
ఎంబసీల ఓటెయ్యనీకి.
వచ్చినంక ఏలు సూపెట్టిండు,
గోరింట పండిన పిల్ల సూపెట్టినట్టు.
ఫార్మసీ ఇంటర్నల్ ఒకటి పోయింది ఆ ఏలికి.

సిరా పోకముందే ఫలితాలొచ్చినయ్.
గెలిచినాయన తొలి ప్రసంగంలనే
జడ్జీలను ఇంటికి పొమ్మన్నడు,
పొరుగు దేశాన్ని బూతు తిట్టిండు.
నలభై సెకండ్ల ముక్క అది.
దానికింద నవ్వులు అతికిచ్చి
ఫోన్లఫోన్ల తిప్పిండ్రు.

తెల్లారేసరికి
మా గల్లీకి ఆ దేశం పేరు నోటికొచ్చింది.
పాన్‌డబ్బా గౌస్
"క్యా సదర్‌సాబ్, జడ్జీలను తీసేస్తివంట?"
అని పిల్సుడు మొదలువెట్టిండు.
ఇంటి ఓనరు ఖమ్రుద్దీన్ సాబ్, మంచోడే,
ఇంకో రెండు నెల్ల అడ్వాన్సు అడిగిండు.
"నీ మీద షక్ గాదు బేటా,
మీ దిక్కు హాలత్ మీద."
కాలేజోళ్లు కిస్తీలు బందువెట్టిండ్రు.

వాడు ఓటేసింది ఓడినామెకు.
ఆ సంగతి ఏలు మీద రాసుండదు గదా.
సిరా అందరికీ ఒక్కటే రంగు.

వీసా పొడిగింపుకని పాస్‌పోర్టు తెచ్చిండు.
అద్దం మీద బోర్లేసి మూత పెట్టిన.
అట్ట మీద బంగారు ముద్ర,
చిరుతనో సింహమో,
కాయితం మీద నల్లటి మరకైంది.
ఎవల ముద్రైనా అంతే, మనదైనా.
నా మిషన్ ముందల దేశాలన్ని సమానం,
పేజీకి రెండు రూపాయలు,
అని మస్తుసార్లు గొప్పలు చెప్పిన్నేను.

కని ఆ దినం
గల్లా పక్కనున్న నోటుబుక్కు తీసి
మూడేండ్లల ఎన్నడడగని మాట అడిగిన:
"సెకూ, పాత బాకీ నలభై ఏడున్నది."

ఎందుకడిగిన్నో.
ఆ నలభై సెకండ్లు నేను గూడ సూసిన, అంతే.

మా నాయిన సహకార సంఘంల గుమస్తా.
పరపతి అంటే అప్పు పుట్టుడు అనేటోడు,
ఇంకోపారి, పరపతి అంటే నలుగుట్ల పేరు అనేటోడు.
రెండిటికి ఒక్కటే మాటెందుకు నాయినా అంటే
లెడ్జర్ల తలపెట్టి నవ్విండు,
జవాబియ్యలే.

సెకూ యాభై నోటు పెట్టిండు.
మూడు రూపాయలకు గల్లంత కెలికిన.
రెండు రబ్బరుబ్యాండ్లు, ఒక పిన్ను,
ఎవలిదో పాస్‌పోర్ట్ సైజు ఫోటో.
వాడు అద్దం మీద చెయ్యి పెట్టి
"ఉండనియ్ భాయ్, నీ మీద నమ్మకమున్నది" అన్నడు.
ఎక్కిరిచ్చిండా అని మొఖం సూసిన.
కాదు. నిజంగనే అన్నడు.

వాడు పోయినంక
వాని పేజీ కొట్టేసి
కింద నా పేరు రాసుకున్న.
భూమేశ్, మూడు రూపాయలు.

అప్పటిసంది నాలుగుసార్లొచ్చిండు.
గోరు పెరిగి సిరా కొసకు జరిగింది,
ఇంకొక్కపారి కత్తిరిస్తే పాయె.
చిల్లర చేతుల పెట్టబోతే తీసుకోడు.
"ఉంచు భాయ్,
మా తర్వాతి ఎలచ్చన్ల దాంక ఉంచు" అంటడు.