జత

డ్యూటీ దిగి, టిమ్ము మిషను, క్యాషు డిపోల లెక్క జెప్పి
వచ్చేసరికి వారాసిగూడ సగం నిద్రల ఉంటది.
గౌస్ మియా షట్టర్ మాత్రం మోకాలెత్తు లేచి ఉంటది.
వంగి చెయ్యి పెడితే కత్రన్ల సంచి అందుతది.
"తీస్కపో ఆపా, పొద్దుగాల చెత్తబండికి పోయేదే" అంటడు
కత్తెర ఆపకుండనే.

ఇంట్ల సంచి బోర్లిస్తే
ఎవరెవరియో జాకెట్ల చంకముక్కలు,
బడి లాగు ఖాకీ, బురఖా నలుపు,
ఒక పోచంపల్లి పేలిక, వేలెడంత.
ఆ వేలెడంతలనే నేతాయన రంగు
చెప్పిన కాడికొచ్చి ఆగింది, గీత దాటలేదు.
నా కుట్టు దాటుతది.
నా కుట్టు కల్లు తాగి నడిచినట్టుంటది.

నలభై ఆరేండ్లకు పట్టిన సూదిని.
మా అమ్మకు గుండీ కుట్టుడు గూడ రాకపోయె,
పిన్నీసు పెట్టి తోలేది బడికి.
గౌస్ మియా మిషన్ మనిషి, చేతి కుట్టంటే నవ్వుతడు.
అందుకే శిల్పారామంల నూట యాభై పెట్టి
ఒక జత బట్ట కమ్మలు కొన్న,
పెట్టుకునేందుకు కాదు,
విప్పేందుకు.

బ్లేడుతోని ఒక్కొక్క పోగు తెంపుకుంట పోయిన.
ఎక్కడ ముడి దాసిందో, ఎక్కడ రెండుసార్లు పోయిందో,
ఎక్కడ ఓపిక చాలక జిగురు పూసిందో,
అన్నీ దొరికినయ్ దొంగసొమ్ము లెక్క.
నడుమ ఒక అట్టబిళ్ల. పెండ్లిపత్రికది.
బంగారు అక్షరాల్ల సగం పేరు: ...మాలిని.
ఆ రాత్రి ఇంకేం చెయ్యలే.
ఆమె బాగుండాలె అనుకుంట పండుకున్న.

మల్ల మూడు నెలలు వేళ్లకొసలు జల్లెడ.
రూపాయి బిళ్ల సల్లగ తగిలితే పానం హాయి.
ఆడోళ్లకు జీరో టికెట్టు కొట్టుకుంటనే
చెవులు చూస్తుంటి:
ఈమెకు పసుపు,
ఆ మూలసీటు పిల్లకు నీలం, కుచ్చు వద్దు.
టికెట్ రోలు అయిపోతే అట్ట గొట్టం పారెయ్యబుద్ధి గాలే.
తడి చేసి, సాపు జేసి, గుండ్రంగ కోసి
నా కమ్మల కడుపుల పెట్టిన.
ఏ అక్షరమూ లేదు దాని మీద.

తొమ్మిదేండ్ల సంది నా చెవులకు చీపురుపుల్లలే.
ఏడు గ్రాములు పాట్ మార్కెట్ల ఇచ్చొచ్చిన నాటి నుంచి
బెజ్జాలు పూడకుండ కాపలా.
వీటిని ఆ సేటు తరాజుల వేస్తే ముల్లు గూడ కదలదు.
అయినా పుల్ల తీసి కొక్కెం ఎక్కిస్తుంటె
తమ్మె ఎర్రబడ్డది, ఎవరో పిలిచినట్టు.

మొదటి ట్రిప్పు. రెతిఫైల్ల ఎక్కిన కాలేజీ పిల్ల
టికెట్ తీసుకొని గూడ కదలలే.
"మేడం, ఒకటి పెద్దగుంది, ఒకటి చిన్నగుంది."
బస్సు బస్సంత విన్నదనిపించింది.
"నా చెవులు గూడ అంతే బిడ్డా."
నవ్వింది. రాడ్ పట్టుకొని ఊగుకుంట ఆలోచించి
"నాకూ అట్లనే ఒక జత కావాలె,
పెద్దది ఎడమకు" అన్నది.

అట్లనే అంటే ఎట్లనో నాకు తెల్వదు.
చెయ్యి జారి పెద్దదైన దాన్ని
కావాలని అంతే పెద్దగ ఎట్ల జారనియ్యాలె?
రేపు వీక్లీ ఆఫ్. ఎడమదాన్ని విప్పి చూడాలె.
తార్నాక, తార్నాక.
దిగేటోళ్లు ముందుకు రావాలె.