నీలిమందు

బోరు నీళ్ళు వాసనేసిన మూడోరోజు
జాకెట్టు గుడ్డలు పక్కకి నెట్టి
మున్సిపాలిటీకి వెళ్ళాను.
మా ఇంటి కింద ఏం పారుతోందో
ఎవరో ఒకరికి తెలిసే ఉంటుందనుకున్నాను.

బీరువాలోంచి పటం తీశారు.
మా వీధిని సగం చెదలు తినేశాయి.
తిన్నంత మేరా ఊళ్ళో మురుగే లేదు.
"ఇందాకా ఉందండీ, ఆ తర్వాత కూడా ఉండాలండీ, ఆయ్"
అన్నాడు కొత్తగా వచ్చిన ఇంజనీరు కుర్రాడు,
పెన్సిలుతో గాల్లో గీస్తూ.
చివరికి గొంతు తగ్గించి
"పైడమ్మ నడగండి, వాళ్ళాయన దిగేవాడట" అన్నాడు.

పైడమ్మ గునపంతో వచ్చింది, చెప్పుల్లేకుండా.
"చలికాలం కుక్కలెక్కడ పడుకుంటాయో చూళ్ళేదా?
కింద వెచ్చగా పోతుంటాది.
రోహిణీ కార్తెలో గరిక ఎక్కడ పచ్చగుంటాదో
అదీ చూళ్ళేదా?"
ముప్పయ్యేళ్ళుగా ఈ వీధిలోనే ఉన్నాను.
చూళ్ళేదు.

ఆమె గునపం పోటేసి, ఆగి, చెవి ఆనించి
"ఇక్కడ బోలు" అనేది.
వెనకాలే నేను గుడ్డ మీద గీసే సుద్దతో గీత.
బొండాల బండి కింద నుంచి,
చర్చి గోడ వారగా,
సత్తిరాజుగారి మేడ దాకా తిన్నగా వచ్చి
అక్కడ ఒదిగి, చుట్టూ తిరిగి పోయింది గొట్టం.
భూమిలోపల కూడా దానికి
ఎవరి ముందు ఎలా నడవాలో తెలుసు.

తారు పోసేసిన ఒక మూత దగ్గర
పైడమ్మ పోటెయ్యలేదు.
"ఇది నాకు తెలుసు" అంది.
"ఆయన ఆకరుగా దిగింది ఇందులోనే."
కాసేపు కూర్చుంది.
ఒక ఆటో హారన్ కొట్టింది. లేచాం.

ఎక్కడుందో తెలిసింది, ఎటు పోతుందో తెలియాలి.
మాది గోదారి తెచ్చి పరిచిన ఒండ్రునేల,
పళ్ళెంలో పోసిన నీళ్ళలా
ఎటు పోవాలో తోచక నిలబడతాయి ఏ నీళ్ళయినా.
ఇక్కడ వాటం అనేది లెవెల్ గొట్టం కంటే
నమ్మకం మీదే ఆధారపడి ఉంటుంది.

"నీలిమందు పొయ్యి" అంది.
నాలుగు డబ్బాలు దొడ్లో పోసి
ఆరు బిందెలు గుమ్మరించాను.
మొగలికోడు డ్రెయిను గట్టున కూర్చున్నాం,
నేనూ, పైడమ్మా, పక్కింటి ప్రభుదాసూ.
గుర్రపుడెక్క కింద నీళ్ళు నల్లగానే ఉన్నాయి.
గంట. గంటన్నర.
విసుగెత్తి ఆటకి పోయిన పిల్లాడు
పరిగెత్తుకుంటూ వచ్చాడు.
"ఇక్కడ కాదత్తా! అక్కడ! పంటకాలవలో!"

లాకుల దిగువన, రేవు మెట్ల పక్కన
సన్నటి నీలం జీర.
అబద్ధం ఎందుకు, అందంగా ఉంది.
కొత్త చీర అంచులా కదిలి
కాలవతో పాటే వెళ్ళిపోతోంది,
మంచినీళ్ళ చెరువు వైపు,
ఆ తర్వాత శివారు వైపు.
నీళ్ళు అందడం లేదని ఏటా
రోడ్డెక్కే ఊళ్ళు అవి.
ఇవిగో, అందుతున్నాయి.

శివారు బడికి యూనిఫారాలు కుట్టేది నేనే.
అరవై రెండు జతలు.
ఏ పిల్ల మెడ ఎన్ని అంగుళాలో
నా నోట్సులో రాసి ఉంది.

రాత్రి కటింగు కాగితం పరిచి
వీధంతా గీశాను, ఒదిగిన చోటు ఒదిగినట్టు,
కలిసిన చోటు కలిసినట్టు.
పొద్దున్న కుర్రాడు తిప్పి తిప్పి చూసి
"ఇది ఏ స్కేలండీ?" అన్నాడు.
"జానకి ఇరవై అడుగులు" అన్నాను.
తారు పోసిన మూత మీద వేలు పెట్టి
"మరి ఈ గుర్తేంటండీ?" అన్నాడు.

కుట్టు విప్పి చూడాల్సిన చోట
మేం పెట్టుకునే గాటు అది.

నా బోరు సంగతి ఇంకా తేలలేదు.